పద్నాలుగో గడిలో బామ్మర్ది

మేడిగుట్టలో టీవీ బొమ్మ సరిగ్గా రాకపోవడానికి కారణం గుట్టేనని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ప్రసారం చేసే టవరు గుట్టకు అవతల ఉంది, ఊరు ఇవతల ఉంది. మా కార్యాలయానికి మాత్రం ఆ సంగతి తెలియడానికి వీల్లేదు. మాకు ఏదైనా తెలియాలంటే ముందు కొలవాలి, కొలిచింది రాయాలి, రాసింది పైకి పంపాలి, పైవాళ్ళు దాన్ని తిరిగి మాకు పంపాలి. అప్పుడు తెలిసినట్టు. నేను అందులో సాంకేతిక సహాయకుణ్ణి. సిగ్నల్ కొలిచే మీటరు మెడలో వేసుకుని అధికారి వెనక నడవడం నా ఉద్యోగం.

కార్యాలయం పూర్తి పేరు జిల్లా డిజిటల్ ప్రసార గ్రహణ పర్యవేక్షణాధికారి వారి కార్యాలయం. జనం గ్రహణం ఆఫీసు అనేవారు. మా అధికారి చక్రధరరావు గారిని గ్రహణం సారు అనేవారు. ఆయన జీపు వాడలోకి వస్తుంటే కడుపుతో ఉన్నవాళ్ళు ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంటున్నారని ఎవరో పుట్టించారు గానీ నేను కళ్ళారా చూడలేదు.

పథకం మంచిదే. కేబుల్ తీగలను కోతులు బతకనివ్వడం లేదని గుట్ట కింది వాడలోని రెండు వందల పద్నాలుగు ఇళ్ళకు తలొక డిజిటల్ పెట్టె ఉచితంగా ఇచ్చారు. ఏంటెనా మాత్రం ఎవరిది వాళ్ళు ఎంచుకుని, ఎవరి ఇంటి మీద వాళ్ళు నిలబెట్టుకోవాలి. నలభై రోజుల్లోగా మేము వెళ్ళి కొలుస్తాం. మీటరు అంకె అరవై దాటితే గ్రహణ ధ్రువపత్రం ఇస్తాం. దాటకపోతే పెట్టె తీసుకుపోతాం.

ఏంటెనా ఎంచుకోవడం ఎలాగో చెప్పడానికి చక్రధరరావు గారు బడి ఆవరణలో సభ పెట్టారు. వెనక కట్టిన గుడ్డ మీద ‘ఏంటెనాల ఎన్నిక’ అని రాయించారు. ఆయన రెండు గంటలు మాట్లాడారు. ఇంటిలోపలి ఏంటెనా, ఇంటిపై ఏంటెనా, పుల్లల సంఖ్య, పుల్లలు అడ్డంగా ఉండవలెనా నిలువుగా ఉండవలెనా అన్న విషయాలు ఒకదాని తర్వాత ఒకటి విడమరిచారు. అంతా అయ్యాక ముందు వరుసలోని ఒక ముసలాయన లేచి, పోలింగు ఎప్పుడని అడిగాడు. అధికారి ఆ ప్రశ్నను నమోదు చేయమన్నారు. నమోదు చేశాను.

ధ్రువపత్రం కింద ఒక షరతు అచ్చయి ఉండేది. ‘కొలత నాటి స్థితిలో ఎట్టి మార్పునూ చేయరాదు.’ వెనకటికి ఏదో జిల్లాలో ఒకాయన ధ్రువపత్రం తీసుకున్న మర్నాడే ఏంటెనా మీద లుంగీ ఆరేసి, బొమ్మ రావడం లేదని పైదాకా ఫిర్యాదు చేశాడట. అందుకని ఆ షరతు పుట్టింది. షరతు నిలవాలంటే కొలత నాటి స్థితి ఏమిటో ఎక్కడో రాసి ఉండాలి గదా. అందుకని ఫారంలో పద్నాలుగో గడి పుట్టింది. ‘కొలత సమయమున పైకప్పు మీద గల ఇతర అంగములు.’

వాడలో మొదటి కొలత ఉప్పలయ్య ఇంట్లో. ఉప్పలయ్యకు పిండి గిర్ని ఉంది. కనుబొమల మీద ఎప్పుడూ కాస్త పిండి ఉండే మనిషి. భార్య వినోద. మేము వెళ్ళిన రోజున ఆమె తమ్ముడు ఓదెలు కూడా అక్కడే ఉన్నాడు. ఓదెలు వరికోత మిషన్ నడుపుతాడు. తనకు పెళ్ళి కుదిరితే అక్కకూ బావకూ పత్రిక ఇచ్చి, రెండు రోజులుండి పోదామని వచ్చాడు. పెళ్ళి ఇంకా ఇరవై రెండు రోజులుంది. కోతలు వారంలో మొదలవుతాయి.

ఏంటెనా ఎంపికలో ఉప్పలయ్య లోపమేమీ చేయలేదు. పదహారు పుల్లల చేపముల్లు ఏంటెనా తెచ్చాడు. దాన్ని బంగ్లా కప్పు మీద తూర్పు మూలన నిలబెడితే మీటరు ఇరవై రెండు చూపింది. పిట్టగోడ మీద పెడితే ముప్పై ఒకటి. నీళ్ళ ట్యాంకు మీదికి ఎక్కిస్తే నలభై ఎనిమిది. ఆపైన ఎక్కించడానికి ఆ ఇంటికి ఎత్తు లేదు. ఉప్పలయ్య మొహం చిన్నబోయింది. అప్పుడు ఓదెలు, తాను పట్టుకుంటానని చెప్పి, ఒక కాలు ట్యాంకు మీద, ఒక కాలు పిట్టగోడ మీద వేసి, ఏంటెనా కర్రను ఎడమచేత్తో పైకెత్తి గుట్ట వైపు తిరిగాడు. మీటరు అరవై మూడు చూపింది.

కింద టీవీ ముందున్న వినోద, వచ్చింది, ఇక కదలొద్దు అని కేకేసింది. పాపం, ఆ మాటకు అంత ఆయుష్షు ఉంటుందని ఆమె అనుకోలేదు.

అధికారి పద్నాలుగో గడి చెబుతుంటే నేను రాశాను. ఎర్ర చీర, తడిది, ఒకటి. పసుపు కొమ్ములు ఎండబోసిన చాపలు, రెండు. కోడి, నల్లది, ఒకటి. మనిషి, మగ, ఎడమచెయ్యి పైకెత్తి ఉన్నది, ఒకటి. ‘ఉన్నవాడు’ అని రాయాలా అని అడిగాను. అంగములకు స్త్రీ పురుష భేదం లేదని ఆయన చెప్పారు. ఓదెలు ఎత్తు టేపుతో కొలిచాను. ఐదడుగుల ఎనిమిదంగుళాలు. కొలవడానికి వీలుగా అతను నిటారుగా నిలబడ్డాడు కూడా. అతను ఎవరినీ కాదనలేని మనిషి.

మేము వెళ్ళగానే ఓదెలు దిగాడు, బొమ్మ పోయింది. ఉప్పలయ్య తెలివిగలవాడు గనక గిర్నిలో ఉన్న ఇనుప గొట్టం ఒకటి తెచ్చి, ట్యాంకు పక్కన బిగించి, ఏంటెనాను దాని కొసకు కట్టాడు. ఓదెలు చెయ్యి అందిన ఎత్తుకన్నా అది మూరెడు ఎక్కువే. బొమ్మ అద్దంలా వచ్చింది. ఆ సాయంత్రం అక్కా తమ్ముడూ బావా కూర్చుని వంటల కార్యక్రమం చూశారు. ఇంకో రోజుండి ఓదెలు సంచీ సర్దుకున్నాడు.

మూడో రోజు మేము చెప్పకుండా తనిఖీకి వెళ్ళాం. మీటరు డెబ్భై ఒకటి చూపింది. ఉప్పలయ్య మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ నిలబడ్డాడు. చక్రధరరావు గారు ధ్రువపత్రం చూశారు, మీటరు చూశారు, మళ్ళీ ధ్రువపత్రం చూశారు.

“మీకు ధ్రువీకరించబడినది అరవై మూడు. ఇక్కడ డెబ్భై ఒకటి వస్తున్నది. ఈ ఎనిమిది ఎవరిది?” అని అడిగారు.

“మాదే సార్. బొమ్మ మంచిగనే వస్తంది గద,” అన్నాడు ఉప్పలయ్య.

“మీది అరవై మూడు వరకే. ఆపైన వచ్చేది మరొక గృహస్థునకు చెందవలసిన గ్రహణం. దీనిని అనధికార గ్రహణం అంటారు.”

నోటీసు అక్కడే రాసిచ్చాం. సాయంత్రంలోగా కొలత నాటి స్థితిని పునరుద్ధరించకపోతే పెట్టె పోవడమే కాదు, ఉప్పలయ్య మీద చర్య కూడా ఉంటుంది. ఓదెలు అప్పటికి బస్టాండులో ఉన్నాడు. ఉప్పలయ్య స్కూటరు మీద వెళ్ళి, బస్సు మెట్టు మీద నుంచి అతన్ని దింపి తీసుకొచ్చాడు. ఒక్క రోజు నిలబడితే సరిపోతుంది, సారు మళ్ళీ రాడు అని బావ చెప్పాడు. ఓదెలు సరేనని ట్యాంకెక్కాడు.

సారు రోజూ వచ్చారు.

ఆయన క్రూరుడు కాదు. ఆ మాట ఇక్కడ చెప్పి తీరాలి. ప్రసారాలు ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఉంటాయి గనక స్థితి కూడా ఆరు నుంచి పది దాకా ఉంటే చాలునని ఆయనే సొంతంగా తేల్చారు. భోజనం సంగతి అడిగితే, గడిలో ఎడమచెయ్యి మాత్రమే నమోదయి ఉన్నది గనక కుడిచెయ్యి స్వేచ్ఛగా ఉన్నట్టేనని చెప్పారు. వినోద నిచ్చెన వేసుకుని పళ్ళెం పట్టుకుంటే, ఓదెలు కుడిచేత్తో తినేవాడు.

బామ్మర్దికి కోతల పని పోతుందని, అతనికి బదులు తాను నిలబడతానని ఉప్పలయ్య అర్జీ పెట్టుకున్నాడు. ఉప్పలయ్య ఐదడుగుల మూడంగుళాలు. కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటానన్నాడు. పద్నాలుగో గడిలో ఇటుకలు లేవు. అర్జీ తిరస్కరించాం.

వినోద బాధ వేరు. చీర తడిదని రాసి ఉంది. మేడిగుట్ట ఎండకు చీర గంటలో ఆరిపోతుంది. ఆమె గంటకోసారి చెంబుతో నీళ్ళు తెచ్చి చీర మీద చల్లేది. నల్ల కోడి మొదటి వారంలోనే పిల్లి పాలయింది. కోడి మరణాన్ని ధ్రువీకరించమని పశువుల డాక్టరు దగ్గరికి పోతే, కళేబరం లేనిదే కుదరదన్నాడు. ఉప్పలయ్య ఎక్కడి నుంచో ఇంకో నల్ల కోడిని తెచ్చి కట్టేశాడు. అధికారి దాన్ని చాలాసేపు చూసి, ఇది అదేనా అని అడిగారు. అదేనని ఉప్పలయ్య గిర్ని మీద ఒట్టేశాడు. మొదటి కోడికి కాలి గోరు ఒకటి విరిగి ఉండడం నేను చూశాను. దీనికి విరగలేదు. ఫారంలో గోళ్ళ ప్రస్తావన లేదు గనక నేను మాట్లాడలేదు.

వారం గడిచింది. కోతలు మొదలయ్యాయి. మిషన్ యజమాని రెండుసార్లు ఫోన్ చేసి, మూడోసారి ఇంకొకణ్ణి పెట్టుకున్నానని చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఓదెలు పళ్ళెం పట్టుకున్న అక్కతో మెల్లగా చెప్పాడు. అప్పుడు మీటరు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

“అక్కా, మిషన్ మీదుంటె పొలం ముందర్కి నడిచొస్తుండె. ఈడ గుట్ట కదలనే కదలది.”

వినోద పళ్ళెం తీసుకుని గబగబా దిగిపోయింది.

అప్పుడే రాష్ట్ర కార్యాలయం నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. వాళ్ళు మా రిజిస్టరు తిరగేసి ఒకచోట ఆగారు. తక్కిన జిల్లాల్లో కొలతలు ఒకరోజు యాభై, ఒకరోజు డెబ్భై. ఉప్పలయ్య ఇంట్లో మాత్రం పది రోజులుగా అరవై మూడు, అరవై మూడు, అరవై మూడు. దేశంలో ఇంత స్థిరమైన గ్రహణం ఎక్కడా నమోదు కాలేదని వాళ్ళలో పెద్దాయన చెప్పి, చక్రధరరావు గారి చెయ్యి పట్టుకున్నారు. ఉప్పలయ్య ఇంటిని ఆదర్శ గ్రహణ గృహంగా ప్రకటించారు. ఓదెలుకు శాలువా కప్పారు. శాలువా గడిలో లేదు గనక ఫొటో తీశాక తీసేశారు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. మిగిలిన రెండు వందల పదమూడు ఇళ్ళు ఆదర్శ గృహం యొక్క స్థితిని యథాతథముగా అవలంబించవలెను. అందులో ఓదెలు పేరు లేదు. అతన్ని ‘స్తంభాంగ సహాయకుడు’ అన్నారు. జనం ఆ మాట నోరు తిరగక బామ్మర్ది అనే పిలిచారు.

ఆ వారం మేడిగుట్టలో ఐదడుగుల ఎనిమిదంగుళాల మగవాళ్ళకు వచ్చిన గౌరవం అంతకుముందు ఎన్నడూ లేదు. ఆరేళ్ళుగా రాకపోకలు లేని బామ్మర్దుల ఇళ్ళకు మనుషులు వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి తీసుకొచ్చారు. పుట్టింటి వాళ్ళను ఏనాడూ పిలవని ఒక అత్తగారు కోడలి తమ్ముడికి ఎదురువెళ్ళి సంచీ అందుకుంది. బామ్మర్దులు లేనివాళ్ళు ఊళ్ళోనే వెతుక్కున్నారు. హోటల్లో సర్వరు లేడు. బస్సులో కండక్టరు లేడు. బడిలో లెక్కల సారు లేడు. అందరూ బంగ్లాల మీద ఉన్నారు. నల్లకోళ్ళు చాలక కొందరు తెల్లకోళ్ళకు తలకేసుకునే రంగు పూశారు.

ఉదయం ఆరింటికి చూడాలి ఆ దృశ్యం. రెండు వందల పద్నాలుగు ఇళ్ళ మీద రెండు వందల పద్నాలుగు ఎర్ర చీరలు, రెండు వందల పద్నాలుగు మంది మగవాళ్ళు ఎడమచెయ్యి పైకెత్తి గుట్టకేసి తిరిగి నిలబడేవారు. రోడ్డున పోయే బస్సులు ఆగేవి. గుట్ట మీద ఏ దేవుడు వెలిశాడో అని ప్రయాణికులు దిగి దండం పెట్టేవారు. నాలుగో రోజుకు గుట్ట మొదట్లో కొబ్బరికాయల దుకాణం వెలిసింది.

బొమ్మ మాటేమిటంటే, చాలా ఇళ్ళలో రాలేదు. గుట్ట నీడ ఒక్కో ఇంటి మీద ఒక్కో తీరుగా పడుతుంది. ఒకచోట ముప్పై, ఒకచోట పదిహేను. అయితే రోజూ అదే ముప్పై, అదే పదిహేను. స్థిరత్వంలో లోటు లేదని మేము రాసి పంపాం.

ఇక పెళ్ళికి ఆరు రోజులుంది. పెళ్ళికూతురు తండ్రి వచ్చి, ట్యాంకు మీది అల్లుణ్ణి కిందనుంచి చూసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఉప్పలయ్య మా కార్యాలయానికి వచ్చి ఒక్క రోజు సెలవడిగాడు. అంగములకు సెలవు నిబంధన లేదని అధికారి చెప్పారు. కానీ ఆయనకూ మనసుంది. పెళ్ళి బంగ్లా మీదే చేసుకోవచ్చునని సూచించారు. మర్నాడు ఆయనే మళ్ళీ ఆలోచించి, పెళ్ళికూతురు అదనపు అంగం అవుతుంది గనక స్థితి మారుతుందని, కొత్త కొలతకు దరఖాస్తు చేసుకుంటే నలభై రోజుల్లో పరిశీలిస్తామని కబురు పంపారు.

ఆ కబురు విన్న మర్నాడే పెళ్ళికూతురు మా కార్యాలయానికి వచ్చింది. పేరు స్వరూప. పక్క ఊళ్ళో బట్టలు కుడుతుంది. మెడలో టేపు తీయడం మరిచిపోయి బస్సెక్కినట్టుంది. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. ధ్రువపత్రం చూపించమని అడిగింది. చూపించాం. పద్నాలుగో గడి మీద వేలు పెట్టి, జాకెట్టు కొలతలు సరిచూసుకున్నట్టు ఒక్కొక్కటీ చదివింది.

“కొలిచినప్పుడు మీరు బంగ్ల మీదికి ఎక్కిండ్రా సార్?” అని అడిగింది.

కొలత తన సమక్షంలోనే జరగాలని, జరిగిందని అధికారి చెప్పారు.

“మరి ఈ గడిల మీరు లేరు గద,” అంది స్వరూప. “కోడి సుత ఉన్నది. మీరు లేరు.”

చక్రధరరావు గారు ధ్రువపత్రం చేతిలోకి తీసుకున్నారు.

“మీరు ఆడ నిలవడ్డందుకే అరవై మూడు వచ్చిందేమో. మీరు లేకుంటె ఎంత వస్తుండెనో ఎవలకెరుక?”

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు పెరగలేదు. ఇంకొక అధికారి అయితే ఆ అమ్మాయిని కసిరి పంపేవాడు. చక్రధరరావు గారు అలాంటివారు కాదు. నిబంధనల పుస్తకం తెప్పించి గంటసేపు చదివారు. ఆరోజు తామెక్కడ నిలబడ్డారో, నేనెక్కడ నిలబడ్డానో నన్నడిగి కాగితం మీద బొమ్మ గీసుకున్నారు. ఆ తర్వాత తమ మీద తామే నోటీసు రాసుకుని, తామే అందుకున్నట్టు సంతకం చేశారు. ధ్రువపత్రం చెల్లదని ఆయన చేత అనిపించి పెళ్ళికొడుకును తీసుకుపోదామని స్వరూప వచ్చింది. ధ్రువపత్రం రద్దు కాలేదు, సవరణ అయింది. అధికారి, ఐదడుగుల రెండంగుళాలు, ఒకటి. సాంకేతిక సహాయకుడు, మీటరుతో, ఒకటి.

మర్నాడు ఆరింటికి మేమిద్దరమూ ఉప్పలయ్య బంగ్లా ఎక్కాం.

ఎక్కే ముందు ఆయన ఇంకో పని చేశారు. ఆదర్శ గృహం స్థితి మారింది గనక మిగిలిన రెండు వందల పదమూడు ఇళ్ళ మీద కూడా తలొక అధికారి, తలొక సహాయకుడు ఉండవలసి ఉంటుంది. అందుకని రెండు వందల పదమూడు మంది జిల్లా అధికారుల పోస్టులు మంజూరు చేయమని పైకి రాశారు. రెండో రోజుకే జవాబు వచ్చింది. సూత్రప్రాయంగా అంగీకరించారట. అభ్యర్థుల ఎత్తు ఎంత ఉండాలో తెలపమన్నారు.

ఫైళ్ళు బంగ్లా మీదికే వచ్చేవి. ఎండ మాడ్చేసేది. టోపీ గడిలో లేదు, గొడుగు గడిలో లేదు. మధ్యాహ్నానికి అధికారి గారి బట్టతల రాగి చెంబులా అయింది. ఆయన కూర్చోలేదు. కొలత రోజున తాము కూర్చోలేదని ఆయనకు గుర్తుంది. అప్పుడు ఓదెలు మొదటిసారి ఆయనతో మాట్లాడాడు. బరువంతా ఒక్క కాలు మీదే వేయొద్దని, కాలు మారుస్తూ ఉండమని చెప్పాడు.

“గుట్ట మీద తెల్ల బండ ఉంది సూడుండ్రి సార్. దాని నీడ కొస పొదల దాక వస్తె అన్నం యాళ్ళయినట్టు. దాన్నే సూసుకుంట ఉంటె పొద్దు పోతది.”

ఆయన ఆ బండను చూస్తూ నిలబడ్డారు. రెండో రోజున వరికోత మిషన్ ఎలా నడుస్తుందని ఓదెలును అడిగారు. ఓదెలు చాలాసేపు చెప్పాడు. గింజ ఎటు పోతుందో, గడ్డి ఎటు పడుతుందో, బురదలో దిగబడితే ఏం చేయాలో కుడిచేత్తో చూపిస్తూ చెప్పాడు. నేను ఆ ఉద్యోగంలో చేరిన పదిహేడేళ్ళలో మా అధికారి ఎవరినైనా రాసుకోకుండా విన్నది అదే.

మూడో రోజు సాయంత్రం ఆయన మెట్ల దాకా వెళ్ళి వంగి, ఇప్పుడు టీవీలో ఏ కార్యక్రమం వస్తున్నదని వినోదను అడిగారు. తెలియదని ఆమె చెప్పింది. టీవీ పెట్టి పద్దెనిమిది రోజులయిందట.

“ఎప్పుడు పెట్టాలె సార్? గంటగంటకు చీర తడపాలె, కోడిని సూసుకోవాలె, మీ ముగ్గురికి చాయ్ తేవాలె.”

ఆయన వచ్చి తన చోట నిలబడ్డారు.

తెల్లవారితే పెళ్ళి. ముహూర్తం పది గంటల నలభై నిమిషాలకు. స్వరూప ఊరు పన్నెండు కిలోమీటర్లు. ఆరింటికి ఓదెలు ఎప్పటిలాగే వచ్చి ట్యాంకెక్కాడు. అక్క తలంటు పోసినట్టుంది, జుట్టు ఇంకా తడిగా ఉంది. ఉప్పలయ్య కింద స్కూటరు తుడుస్తూ ఉన్నాడు. ఎందుకు తుడుస్తున్నాడో అతనికే తెలియదు. ఓదెలు ఏడింటికి నన్ను టైమడిగాడు. ఎనిమిదింటికి మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత అడగలేదు.

తొమ్మిది కావస్తుండగా చక్రధరరావు గారు తొమ్మిదో నిబంధన చదవమన్నారు. చదివాను. ‘అత్యవసర పరిస్థితులలో, అధికారి సమక్షమున, కొలత మారని పక్షమున, అంగముల మార్పిడి అనుమతించబడును.’ ఆయన నన్ను రెండోసారి కూడా చదవమన్నారు. తర్వాత చెప్పులు విడిచి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, పిట్టగోడ పట్టుకుని ట్యాంకు మీదికి ఎక్కారు. యాభై ఆరేళ్ళ మనిషి. మోకాలు గీసుకుపోయింది.

“కాస్త పక్కకు జరుగు నాయనా. ఆ కర్ర ఇటివ్వు,” అన్నారు.

ఓదెలు ఇచ్చాడు. ఆయన ఒక కాలు ట్యాంకు మీద, ఒక కాలు పిట్టగోడ మీద వేసి, మునివేళ్ళ మీద లేచి, ఎడమచెయ్యి ఎంత చాచగలరో అంతా చాచారు. కర్ర వణుకుతున్నది.

“ఎంత?” అని అడిగారు.

మీటరు చూశాను. నలభై ఒకటి.

పదిహేడేళ్ళలో నేను మీటరు చూపని అంకె చెప్పలేదు. ఇరవై రెండొస్తే ఇరవై రెండని చెప్పాను, అందువల్ల ఎవరి పెట్టె పోయినా సరే. ఓదెలు దిగనూ లేదు, ఉండనూ లేదు, ట్యాంకు అంచున నిలబడి నా మొహం చూస్తున్నాడు.

“అరవై మూడు సార్,” అన్నాను.

“స్థిరంగా ఉన్నదా?”

“స్థిరంగా ఉన్నది సార్.”

“అయితే మార్పిడి అనుమతించడమైనది. నువ్వు వెళ్ళవచ్చు,” అని ఓదెలుతో చెప్పారు.

ఓదెలు ముందు ఆయనకు, తర్వాత నాకు దండం పెట్టి మెట్లు దిగాడు. ఇరవై రోజులు నిలబడ్డ కాళ్ళు కదా, గోడ పట్టుకుని దిగాడు. కింద స్కూటరు చప్పుడు వినిపించింది. వీధి మలుపు తిరిగేదాకా చక్రధరరావు గారు మునివేళ్ళ మీదే ఉన్నారు.

ముహూర్తానికి పదినిమిషాల ముందు చేరారని ఉప్పలయ్య తర్వాత చెప్పాడు. తలంబ్రాలప్పుడు పెళ్ళికొడుకు ఎడమచెయ్యి దానంతటదే పైకి లేస్తుంటే, స్వరూప నవ్వకుండా పట్టుకుని కిందికి దించిందట. కోతలు సగం అయిపోయినా, కాలువ కింది ఊళ్ళలో మిగిలిన పొలాలకు ఓదెలుకు ఇంకో మిషన్ దొరికింది.

అధికారి గారు ఆ రాత్రి పదింటిదాకా కర్ర పట్టుకున్నారు. మర్నాడు నన్ను పిలిచి చెప్పారు. తొమ్మిదో నిబంధన ప్రకారం ఓదెలు స్థానంలో తాము ఉండగలిగినప్పుడు, తమ స్థానంలో ఇనుప గొట్టం కూడా ఉండగలదు, కొలత మారనంత వరకు. మారిందో లేదో వాడంతా తిరిగి చూసి రమ్మన్నారు. తిరిగాను. ఉప్పలయ్య ఇంట్లో గొట్టానికి అరవై మూడు రాశాను. పక్కింట్లో అరవై మూడు రాశాను. రెండు వందల పద్నాలుగు ఇళ్ళలో అరవై మూడు రాశాను. గుట్ట నీడ పడే ఇళ్ళలో గొట్టం ఎంత ఎత్తు ఉండాలో, ఏ మూలన నిలబెట్టాలో కూడా చెప్పి వచ్చాను. ఫారంలో దానికి గడి లేదు. బామ్మర్దులు ఊళ్ళకు వెళ్ళిపోయారు. కొందరిని అక్కాచెల్లెళ్ళు ఇంకో రెండు రోజులు ఉండమన్నారు, ఈసారి ఇంట్లోనే.

వాడ మొత్తానికి ఒకే అంకె వచ్చినందుకు చక్రధరరావు గారికి రాష్ట్ర కార్యాలయం ప్రశంసాపత్రం ఇచ్చింది. అది తీసుకుని జీపులో తిరిగి వస్తున్నాం. డ్రైవరు పెట్రోలు కోసం దిగాడు. మేమిద్దరమే ఉన్నాం.

“ఆరోజు నిజంగా ఎంత వచ్చింది?” అని ఆయన ముందుకు చూస్తూనే అడిగారు.

దాచి లాభం లేదనిపించింది. “నలభై ఒకటి సార్,” అన్నాను.

డ్రైవరు వస్తుండగా ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

“నేను కర్ర పట్టుకున్నాక వంగి చూశాను. నాకు నలభై కనపడింది,” అన్నారు. “ఒకటి ఎక్కువ చూపిస్తున్నది. రేపు మీటరు సరిచేయించు.”